తలుపు అవతల నుంచి చెప్పిన వంట

నాన్న టర్కీ కోడిని వండే పద్ధతి నాకు సగమే తెలుసు. నా బతుకులో సగంలో ఆగిపోయిన పనులకు కొదవ లేదు. కుట్టు క్లాసు సగంలో మానేశాను, కాలేజీ సగంలో మూసేశారు, ఒక పెళ్ళి సంబంధం సగం దూరం వచ్చి వెనక్కి తిరిగిపోయింది. కాని ఈ వంట నేను ఆపింది కాదు. చెబుతున్న మనిషే ఆగిపోయాడు.

నాన్న నలభై ఏళ్ళు రంగూన్‌లో విదేశీయుల ఇళ్ళల్లో కుక్కుగా పనిచేశాడు. మధ్యలో రంగూన్ యాంగోన్ అయింది. ఊరు పేరు మార్చుకుంది గాని ఆయన చేతి రుచి మార్చుకోలేదు. అక్కడ అంత వండేవాడు ఇంట్లో మాత్రం మంచినీళ్ళు కూడా ముంచుకునేవాడు కాదు. వంటిల్లంతా అమ్మదే, ఏడాదికి ఒక్క రోజు తప్ప. క్రిస్మస్ నాడు అమ్మను బయటికి పంపి, తలుపు వేసుకుని, పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా టర్కీతో ఒంటరిగా ఉండేవాడు. అమ్మ దాన్ని సీమకోడి అంటుంది. బర్మావాళ్ళు పెట్టుకున్న పేరుకి ఏనుగు కోడి అని అర్థం. నాన్న టర్కీ అనేవాడు, దొరల ఇంట్లో నేర్చుకున్నాడు కాబట్టి. ఒకే కోడికి మా ఇంట్లో మూడు పేర్లు, వండడం తెలిసిన మనిషి మాత్రం ఒక్కడు.

రెండువేల ఇరవై ఒకటి ఫిబ్రవరిలో సైన్యం దేశాన్ని చేతిలోకి తీసుకుంది. జూలైలో జబ్బు ఊరిని చేతిలోకి తీసుకుంది. తామ్వేలో మా వీధి పొడుగునా మనుషులు ఆక్సిజన్ సిలిండర్లు భుజాన వేసుకుని తిరిగేవారు, ఎక్కడ నింపుతారో తెలియక. నాన్నకి జ్వరం వచ్చాక ముందుగదిలో పడుకోబెట్టి తలుపు వేశాం. ఆయనే వేసుకున్నాడు అనాలి. లోపల గడియ కూడా పెట్టుకున్నాడు. మేము అన్నం గడప దగ్గర పెట్టి దూరం జరిగితే తీసి తీసుకునేవాడు.

నేను తలుపుకి ఇవతల నేల మీద కూర్చునేదాన్ని. మాట వినపడుతోందంటే ఊపిరి ఉన్నట్టే కదా. అందుకని ఏదో ఒకటి అడుగుతూ ఉండేదాన్ని. రాజకీయాలు అడిగితే దగ్గేవాడు. తమ్ముడి గురించి అడిగితే పలికేవాడు కాదు. చివరికి ఒకరోజు సాయంత్రం, టర్కీ ఎలా చేస్తావు నాన్నా అని అడిగాను. గొంతులో కొంచెం ప్రాణం వచ్చింది. రాసుకుంటున్నావా అని అడిగాడు. ఆఁ అన్నాను. నా చేతిలో పెన్ను లేదు. రాసుకుంటే ఆయన పోతాడని ఒప్పుకున్నట్టు అవుతుందని నాకొక మూఢనమ్మకం పట్టుకుంది. ముందు రోజు ఉప్పు ఎంత పట్టించాలో, వెనిగర్ నీళ్ళతో ఎలా కడగాలో, అల్లం వెల్లుల్లి చర్మం పైన కాదు, చర్మం కింద వేలు దూర్చి ఎలా రుద్దాలో చెప్పాడు. తరవాత కడుపులో కూరే అన్నం దగ్గరికి వచ్చాడు.

“అన్నం సగమే ఉడకాల. మిగతా సగం దాని కడుపులో ఉడుకుద్ది,” అన్నాడు. కాసేపు ఆగి, తక్కినది పొద్దున్న సెప్తానమ్మా అన్నాడు.

పొద్దున్న చెప్పలేదు.

వాలంటీర్లు వచ్చి తీసుకెళ్ళారు. శ్మశానం గేటు దాకా అమ్మనీ నన్నూ రానిచ్చారు. పాట లేదు, ప్రార్థన లేదు. మా తెలుగు చర్చి నుంచి ఎవరూ రాలేకపోయారు, వచ్చినా లోపలికి పోనిచ్చేవారు కాదు. అప్పటికి మా చర్చిలో వారం వారం ఎవరో ఒకరు అలాగే వెళ్ళిపోతున్నారు.

తమ్ముడికి ఆ సంగతి పదకొండు రోజుల తరవాత తెలిసింది. వాడు రైల్వేలో గుమాస్తా. ఫిబ్రవరిలో సైన్యానికి నిరసనగా అందరితోపాటు పనిలోకి వెళ్ళడం మానేశాడు. మార్చిలో వాడి క్వార్టరుకి సైన్యం వచ్చింది. వాడు వెనక గోడ దూకాడు. వాడికి ముప్పై ఏళ్ళు, దూకడం అలవాటు లేదు, కాలు బెణికిందని తరవాత కబురు వచ్చింది. అప్పటినుంచి ఎక్కడ ఉంటున్నాడో మాకు తెలియదు. తెలియకపోతేనే మంచిదని వాడే అన్నాడట.

డిసెంబరు మొదట్లో తన్లిన్ నుంచి పిన్ని వచ్చింది. అమ్మ చెల్లెలు. నది అవతల కోళ్ళూ బాతులూ పెంచుతుంది, ఏడాదికి రెండు టర్కీలు కూడా. మా క్రిస్మస్ కోడి ఎప్పుడూ పిన్ని దగ్గర నుంచే వచ్చేది. ఆ రోజు చేతిలో కూరగాయల బుట్ట, నోటిలో ఒక కబురు. తమ్ముడు క్రిస్మస్ నాడు ఇంటికి వస్తాడు. పదకొండు తరవాత వస్తాడు, ఒంటిగంటకి వాడికోసం కారు వస్తుంది. ఆ కారు ఎక్కితే ఇక సరిహద్దు వైపే, ఫోన్లు పనిచేయని చోటికి. కారు ఆగదు, ఇంకోటి రాదు.

రాత్రికి ఉండమనడానికి లేదు. ఇంటిలో ఎవరెవరు పడుకుంటున్నారో వార్డు ఆఫీసువాళ్ళు కాగితం పట్టుకుని వచ్చి లెక్క చూస్తున్న రోజులు. పగలైతే, అందులోనూ క్రిస్మస్ పగలైతే, మా వాళ్ళందరూ కొత్త బట్టలు వేసుకుని పలహారాల డబ్బాలు పట్టుకుని ఇంటింటికీ తిరుగుతారు. వాళ్ళలో ఇంకొకడు కలిస్తే ఎవరికీ కనపడదు.

పిన్ని వెళ్ళాక అమ్మ చాలాసేపు కూరగాయలు ఏరుతూ కూర్చుంది. తరవాత సీమకోడి చేద్దాం అంది. ఎవరు చేస్తారు అన్నాను.

“నువ్వే. నీకు మీ నాన్న మొత్తం సెప్పినాడు కదా.”

సగమే చెప్పాడని నేను అమ్మతో ఎప్పుడూ అనలేదు. ఆ సాయంత్రం తలుపు దగ్గర నేను కూర్చుని ఉంటే, అమ్మ వెనకగదిలో మా గొంతులు మాత్రం వింటూ ఏళ్ళ తరవాత మొదటిసారి నవ్వింది. ఆ నవ్వుని సగం చేయబుద్ధి కాలేదు. సరే అన్నాను. నేను వంట రాని ఒంటరిని. కోడిగుడ్డు ఉడకబెడితే అది కూడా ఒకోసారి పచ్చిగానే తిరిగొస్తుంది. అలాంటిదాన్ని మూడు వీశెల పక్షికి మాట ఇచ్చాను.

పిన్ని పండక్కి ముందు రోజే కోసి, ఈకలు పీకి, ఐసు పెట్టెలో పెట్టి బస్సులో తెచ్చింది. వంతెన దగ్గర సైనికుడు పెట్టె మూత తీయించి, తుపాకీ మొనతో దాన్ని పొడిచి ఏమిటిదని అడిగాడట. ఏనుగు కోడి అంటే, ఏనుగుని ఐసులో ఎందుకు పెట్టావని జోకు వేశాడట. వాడిది కూడా కుర్ర మొహమే అంది పిన్ని, ఆ సంగతి చెప్పడం తనకే ఇష్టం లేనట్టు. ఇచ్చేసి వెంటనే బస్సుకి వెళ్ళిపోయింది.

గుర్తున్నంత వరకు నాన్న చెప్పినట్టే చేశాను. చర్మం కింద వేళ్ళు దూర్చి మసాలా రుద్దుతుంటే, ఎవరిదో చొక్కా లోపల చెయ్యి పెట్టినట్టు మొహమాటం వేసింది. అన్నం సగం ఉడికించి, కార్జం ముక్కలు, జీడిపప్పు, ఎండుద్రాక్ష, పుదీనా కలిపి కూరాను. ఎక్కువ కూరాను. కుట్టడానికి తెల్లదారం దొరకలేదు. నేను ఆదివారపు బడిలో పిల్లలకు తెలుగు అక్షరాలు చెబుతాను, వాళ్ళ నాటకం బట్టలకోసం కొన్న నీలం దారం ఉంది. దానితోనే కుట్టాను. కుట్టు క్లాసు మానేసినందుకు ఇరవై ఏళ్ళ తరవాత ఆ రోజు బాధపడ్డాను.

ఇక గిన్నె సంగతి. నాన్న ప్రతి ఏడూ దీనికి వాడే పెద్ద అల్యూమినియం డేక్చా ఒకటి ఉంది. కింద బొగ్గులు, మూత మీద బొగ్గులు, మధ్యలో కోడి. అదే మా ఓవెను. సైన్యం వచ్చిన ఫిబ్రవరి నుంచి సాయంత్రం ఎనిమిదయితే చాలు, ఊరంతా కిటికీల దగ్గర నిలబడి గిన్నెలు మోగించేది. ఇంట్లో చొరబడిన దెయ్యాన్ని తరమడానికి బర్మావాళ్ళకున్న పాత అలవాటు అది. మా అమ్మ చిన్న గిన్నెతో తృప్తిపడే మనిషి కాదు. ఆ డేక్చా మూత తీసుకుని అట్లకాడతో వాయించేది. దానికి సొట్టలు పడితే ఇక సరిగ్గా కూర్చోదు, మూత పడదు అని నాన్న మొత్తుకుంటే, గిన్నె మూత పడకపోయినా పరవాలేదు, ఆళ్ళ నోళ్ళు మూతపడాల అనేది. నోళ్ళు మూతపడలేదు. గిన్నె మూత మాత్రం నాన్న చెప్పినట్టే అయింది. గోధుమపిండి ముద్ద చేసి చుట్టూ మెత్తి, ఆవిరి పోకుండా అతికించాను.

క్రిస్మస్ పొద్దున్న అయిదింటికి వెనక బాల్కనీలో బొగ్గులు అంటించాను. ఎంతసేపు పెట్టాలి, ఎప్పుడు తిప్పాలి, ఎలా తెలుస్తుంది? అవన్నీ నాన్న పొద్దున్న చెబుతానన్న సగంలో ఉండిపోయాయి. ఆరు గంటలని నేనే అనుకున్నాను. అమ్మ తొమ్మిదికి చర్చికి వెళ్ళింది. పదింటికి నాకు ధైర్యం చాలక పిండి పగలగొట్టి మూత తీసి, తొడలో కత్తి దింపాను. ఎర్రటి నీరు వచ్చింది. మళ్ళీ పిండి కలిపి, మళ్ళీ మెత్తి, ఉన్న బొగ్గులన్నీ మూత మీద పోసి, దాని ముందు పీట వేసుకుని కూర్చున్నాను. జన్మలో అంత భక్తిగా దేని ముందూ కూర్చోలేదు.

పదకొండింటికి అమ్మ తిరిగి వచ్చి, చెప్పులు విప్పుతూనే, పన్నెండున్నరకి పెద్దాయన ప్రార్థనకి వస్తున్నారని చెప్పింది.

పెద్దాయనంటే మా చర్చి పెద్ద. రిటైరైన బడి పంతులు, ఎనభై దాటిన మనిషి. పాస్టరుగారు ఊరు విడిచి వెళ్ళాక అన్నీ ఆయనే చూస్తున్నారు. చాలా మంచివారు. కాని పెద్దాయన ప్రార్థన ఆయనకన్నా పెద్దది. సృష్టి దగ్గర మొదలుపెట్టి, ఒక్కొక్క ప్రవక్త ఇంటికీ వెళ్ళి పలకరించి, ఆ తరవాత మన వీధికి వస్తారు. చిన్నప్పుడు తమ్ముడూ నేనూ ఒక కన్ను తెరిచి గడియారం చూసి పందెం వేసుకునేవాళ్ళం. ఒకసారి మధ్యలో పైనుంచి బల్లి వచ్చి పప్పులో పడింది. ఎవరూ కదలలేదు. మా ఇంట్లో ప్రార్థన జరుగుతుండగా లేవడమనేది లేదు. దగ్గు వస్తే మింగుకోవాలి. నాన్న అలా పెంచాడు.

ఒంటిగంటకి కారు వస్తుంది కదమ్మా అన్నాను. ఈ ఒక్కసారికి తమ్ముడి చేత రెండు ముక్కలు చెప్పించుకుందాం అన్నాను.

“మీ నాన్న లేడు. పెద్దల ఆశీర్వాదం అడక్కుండా కోడి మీద కత్తి పెడతామా? ఏ ఏడన్నా పెట్టినామా?” అంది అమ్మ. ప్లేట్లు తుడవడం మొదలుపెట్టింది.

పదకొండూ ఇరవైకి వీధి వైపు బాల్కనీలో గంట మోగింది. మా ఊళ్ళో మేడల మీద ఉండేవాళ్ళు వీధిలోకి తాడు వేలాడదీసి ఉంచుతారు. కింద ఒక క్లిప్పు, పైన ఒక చిన్న గంట. పేపరువాడు పేపరు తగిలించి తాడు లాగితే మనం పైకి లాక్కుంటాం. మాది మూడో అంతస్తు. కిందకి వంగి చూస్తే తమ్ముడు, ఎవరిదో పెద్ద సైజు తెల్లచొక్కా వేసుకుని, చంకలో పాటల పుస్తకం పెట్టుకుని నిలబడి ఉన్నాడు.

అమ్మ వాణ్ణి పట్టుకుని ఏడవలేదు. గుమ్మంలోనే నిలబెట్టి, రెండు చేతులతో భుజాలు, ముంజేతులు, వేళ్ళు ఒక్కొక్కటే నొక్కి చూసింది, సరుకు పూర్తిగా వచ్చిందో లేదో చూసుకున్నట్టు. సగమే వచ్చాడు. బెల్టుకి మేకుతో పొడిచిన కొత్త రంధ్రాలు మూడున్నాయి.

వాడు తిన్నగా నా దగ్గరికి వెనక బాల్కనీలోకి వచ్చాడు. మూత చుట్టూ మెత్తిన పిండిలోంచి నీలం దారం కొస కనపడుతోంది.

“ఏటప్పా, దీనికి ఆపరేషన్ సేసినావా? బతుకుద్దా?”

బతకకుండా చూసే ప్రయత్నంలోనే ఉన్నానన్నాను. వాడు నవ్వాడు. ఆకలిగా ఉంది, ఒక్క రెక్క విరిచి పెట్టమని చెయ్యి చాపాడు. నేను పటకారు తీసుకునేలోపల అమ్మ లోపలి నుంచే, ప్రార్థన అవనీండి అంది. వాడు చిన్నప్పటిలాగే చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. టీ తాగాడు. తరవాత వెళ్ళి ముందుగది తలుపు దగ్గర, నేను జూలైలో కూర్చున్న చోటే కూర్చున్నాడు. నేను చెప్పకుండానే చోటు ఎలా పసిగట్టాడో తెలియదు.

“నాన్న ఆకర్న ఏటన్నాడు?” అని అడిగాడు.

ఇలాంటి ప్రశ్నకి మంచి జవాబు ఉండాలి. దేవుడి మాటో, వాడి పేరో. నేను నిజం చెప్పాను. అన్నం సగమే ఉడకాలి అన్నాడు అని చెప్పాను. వాడు పడీపడీ నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ మోకాళ్ళలో మొహం పెట్టుకున్నాడు, చాలాసేపు ఎత్తలేదు. వంట కూడా అక్కడిదాకే తెలుసని, మిగతాది నేను ఊహించి చేస్తున్నానని వాడికి మాత్రం చెప్పాను. అమ్మకి చెప్పకు అన్నాడు.

పన్నెండూ ముప్పై అయిదుకి పెద్దాయన మెట్లెక్కి వచ్చారు. ప్రతి అంతస్తులోనూ ఆగి ఊపిరి పీల్చుకుంటున్న చప్పుడు పైకి వినపడింది. తమ్ముణ్ణి చూసి ఆశ్చర్యపోలేదు, తలమీద చెయ్యి పెట్టారు అంతే. అప్పుడే నేను పిండి పగలగొట్టి మూత తీశాను. కాలు పట్టుకుని తిప్పితే మెత్తగా తిరిగింది. నీరు తెల్లగా వచ్చింది. పైన మంచి రంగు, చిన్నప్పటి రంగు. ఉడికింది. నాకే నమ్మకం కలగలేదు. పళ్ళెంలో పెట్టి తెచ్చి బల్ల మధ్యలో పెడితే అమ్మ దాన్ని చూడకుండా గోడ వైపు చూసింది. గడియారంలో పన్నెండూ నలభై మూడు. పది నిమిషాల్లో ప్రార్థన అయినా వాడు ఏడు నిమిషాలు తినొచ్చని లెక్కవేసుకున్నాను.

కళ్ళు మూసుకున్నాం. పెద్దాయన చొక్కా జేబులోంచి కాగితం మడత విప్పిన చప్పుడు వినపడింది.

ఆ రోజు ఆయన సృష్టి దగ్గర మొదలుపెట్టలేదు. జూన్ దగ్గర మొదలుపెట్టారు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా మా చర్చిలో పోయినవాళ్ళు, సమాధి దగ్గర ఎవరి ప్రార్థనకీ నోచుకోనివాళ్ళు, ఒక్కొక్కరి పేరు చదవడం మొదలుపెట్టారు. పేరు చదివి ఊరుకోలేదు. ఆమె క్రిస్మస్‌కి గులాబీ పూలు వేయించేది ప్రభువా, ఇతను హార్మోనియం వాయించేవాడు ప్రభువా, వీళ్ళిద్దరూ భార్యాభర్తలు, ఒకే వారంలో పిలుచుకున్నావు ప్రభువా. పజుండౌంగ్ వాళ్ళు, తామ్వే వాళ్ళు, తన్లిన్ వాళ్ళు. జూన్ నుంచి ఆయన లోపల పేరుకుపోయిన ప్రార్థనలన్నీ మా బల్ల మీదకి వస్తున్నాయి. కోడి మీది నుంచి ఆవిరి నా మొహానికి తగులుతోంది, తగ్గుతోంది.

గంట మోగింది. కిందనుంచి తాడు ఒకసారి లాగారు.

నేను కళ్ళు తెరిచాను. గడియారంలో ఒంటిగంటకి రెండు నిమిషాలుంది. తమ్ముడు కూడా కళ్ళు తెరిచే ఉన్నాడు. వెళ్ళు అన్నట్టు నేను తలుపు వైపు చూపించాను. వాడు తల అడ్డంగా ఊపి, పెద్దాయన చేతిలో కాగితం వైపు చూపించాడు. నాన్న పేరు ఇంకా రాలేదు.

ఇప్పుడు రాస్తుంటే ఎంత తేలికగా ఉందో. పెద్దయ్యా, ఒక్క నిమిషం ఆగండి అంటే సరిపోయేది. గ్లాసు కింద పడేస్తే సరిపోయేది. బల్లి పడినప్పుడు కదలని ఇల్లు మాది. నేనూ కదలలేదు. గంట రెండోసారి మోగింది. పెద్దాయన చెవి దూరం, ఆయనకు వినపడి ఉండదనుకున్నాను. ఆయన ఆగస్టులో పోయిన ఒక పంతులమ్మ గురించి చెబుతున్నారు. నాన్న పోయింది జూలైలో. జూలై వాళ్ళంతా అయిపోయినా ఆయన పేరు రాలేదు, మరిచిపోయారేమో అనుకున్నాను. మూడోసారి గంట ఆగకుండా మోగింది.

ఒంటిగంటా పదకొండు నిమిషాలకి, అందరికన్నా చివర, నాన్న పేరు వచ్చింది. అన్నం పెట్టిన చెయ్యి ప్రభువా, దొరలకీ పెట్టింది మాకూ పెట్టింది అన్నారు. తమ్ముడు తలవంచాడు. తరవాత కుర్చీ చప్పుడు కాకుండా లేచాడు. చెప్పులు చేత్తో పట్టుకున్నాడు. గుమ్మంలో ఆగి ఒకసారి వెనక్కి చూశాడు, అమ్మని. అమ్మ కళ్ళు గట్టిగా మూసుకుని ఉంది. నేను అమ్మ మోచేతిని తాకవలసింది. తాకలేదు. వాడు వెళ్ళిపోయాడు.

పెద్దాయన బల్ల మీది పదార్థాలను ఆశీర్వదించి ఆమేన్ అన్నారు.

అమ్మ కళ్ళు తెరిచి ఖాళీ కుర్చీని చూసింది. కత్తి తీసుకుని కాలు ఒకటి మొదలంటా కోసి, పాత పేపరులో చుట్టి నా చేతిలో పెట్టి, పరిగెట్టు అంది. మూడు అంతస్తులూ ఎలా దిగానో తెలియదు. వీధి చివర్దాకా వెళ్ళాను. కారు లేదు. మూలమీద సైన్యం ట్రక్కు ఒకటి నిలబడి ఉంది. నేను ఏప్రన్ కట్టుకుని, మోచేతుల దాకా కొవ్వు కారుతున్న కోడికాలు పట్టుకుని, దాని ఎదురుగా నిలబడ్డాను. పైనున్నవాళ్ళలో ఒకడు నన్ను చూసి పక్కవాడికి చూపించి నవ్వాడు. నిజానికి నవ్వొచ్చేటట్టే ఉండి ఉంటాను. వెనక్కి తిరిగి నడిచి వచ్చేశాను.

ముగ్గురం తిన్నాం. వంట బాగా కుదిరింది. చెడిపోయి ఉంటే కొంచెం ఊరటగా ఉండేది, వాడు పెద్దగా పోగొట్టుకున్నది ఏమీ లేదు అనుకునేదాన్ని. అన్నం గింజ గింజకీ రుచి పట్టి, కడుపులో మిగతా సగం సరిగ్గా ఉడికింది. మీ నాన్న చేతి వంటే తల్లీ అన్నారు పెద్దాయన.

ఆ రోజు నుంచి పెద్దాయనతో మాట్లాడలేదు. చర్చికి వెళ్ళేదాన్ని, ఆయన చెయ్యి చాపితే పాటల పుస్తకాలు సర్దే పని పెట్టుకునేదాన్ని. పెద్దాయన పరలోకానికి కూడా ఆలస్యంగానే వెళతారని, అక్కడ గేటు దగ్గర కూడా ముందు ప్రార్థన చేస్తారని ఆడవాళ్ళ మధ్య జోకులు వేశాను. నాకు నోటిదురుసు లేదని అందరూ అంటారు. ఆ జోకులు ఆయన దాకా వెళ్ళాయని కూడా నాకు తెలుసు. ఆయన ఎప్పుడూ ఏమీ అనలేదు. నేను కనపడితే దారి ఇచ్చి పక్కకి నిలబడేవారు.

తమ్ముడి నుంచి కబురు రాలేదు. చేరాడని రాలేదు, చేరలేదని రాలేదు. పిన్నికీ తెలియదు. వాణ్ణి తీసుకెళ్ళిన కారు ఎవరిదో తెలిసిన మనిషి కూడా ఇప్పుడు దొరకడం లేదు. ఇంటర్నెట్ వచ్చిన రోజు నేను ఫోనులో వెతుకుతాను, పోయిన రోజు అమ్మ బాల్కనీలో కూర్చుంటుంది.

మరుసటి ఏడు వానాకాలంలో పెద్దాయన పోయారు. జబ్బు కాదు, వయసు. ఈసారి అందరం వెళ్ళగలిగాం. వాన పడుతోందని సమాధి దగ్గర ప్రార్థన రెండు నిమిషాల్లో ముగించారు. ఇంటికి వచ్చి తడిసిన బట్టలు మార్చుకుని, పాపం, ఆయనకి అంత పొట్టి ప్రార్థనా అని నేనే అన్నాను. అమ్మ మంచం మీద కూర్చుని ఉంది.

“ఆ రోజు ఆయన్ని నేనే అడిగినాను,” అంది.

ఏ రోజు అని నేను అడగలేదు.

“సర్చిలో కాళ్ళు పట్టుకున్నాను. పెద్ద ప్రార్థన సెయ్యండి పెద్దయ్యా, మా ఆయన పేరు అందరికన్నా ఆకర్న పెట్టండి అన్నాను. ఆళ్ళ నాన్న పేరు వినకుండా ఆడు లెగడు. కారు ఎల్లిపోద్ది, ఆడు ఉండిపోతాడు అనుకున్నాను. పెద్దయ్య తప్పు అన్నాడు. నేను ఏడ్సినాను.”

ఆయన చెవి దూరం కాదన్నమాట. గంట మూడుసార్లూ వినపడే ఉంటుంది. కాగితం పట్టుకున్న ఆ చెయ్యి నాకు కళ్ళముందు కనపడింది. ఆరేడు నెలల పాటు నేను పుస్తకాలు సర్దుతూ తప్పించుకున్న చెయ్యి. ఆయన మా అమ్మ పేరు ఎవరికీ చెప్పలేదు.

“కారు ఉండిపోయింది, ఆలస్యంగా బయలెల్లింది,” అంది అమ్మ. “ఆ పావుగంటే ఆడి మీదకి ఏటి తెచ్చిందో. దారిలో ఏ గేటు మూసేసినారో. నేనే పట్టి ఇచ్చీసినాను.”

అలా ఏమీ కాదన్నాను. పావుగంటలో ఏముంటుంది అన్నాను. నాకే నమ్మకం లేని మాట అమ్మకి ఎలా ఆనుతుంది. నా వంతు కూడా చెప్పేశాను. కళ్ళు తెరిచి చూశానని, వాడు లేవడం, చెప్పులు పట్టుకోవడం, గుమ్మంలో ఆగడం అన్నీ చూశానని, నిన్ను తట్టలేదని. తడితే నువ్వు వాణ్ణి పోనిచ్చేదానివి కాదేమోనని భయం వేసిందని. అమ్మ కోపగించుకుంటుందనుకున్నాను. ముందుకి వంగి నా మొహంలోకి చూసింది. ఆ రోజు తను కావాలని మూసుకున్న కళ్ళకి కనపడనిది నా కళ్ళల్లో ఏమన్నా మిగిలి ఉందేమోనని చూస్తున్నట్టు.

“ఎల్లేటప్పుడు ఏటన్నా అన్నాడా?”

“ఆమేన్ అన్నాడమ్మా,” అన్నాను.

వాడి పెదాలు కదలడం మాత్రం నేను చూశాను. పెద్దాయన ప్రార్థన గొంతు మధ్య వాడు ఏమన్నాడో వినపడలేదు.